పాతరలోని గింజ – పరలోకపు నిరీక్షణ



మన పల్లెలలో రచ్చకట్టమీద తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "వారు కూటికొరకు మతము పుచ్చుకొన్నవారు" అని. ఈ మాట ననువారు దానిని నింద యనుకొనరు. జరిగిన సంగతి యనుకొందురు. వినువారును అట్లే తలయూపుదురు. నేను క్రైస్తవుడను కాను. బాల్యమున గురువుగారి యింట పంచకావ్యములును, పిమ్మట కొంత ధర్మశాస్త్రమును చదివి, ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఐనను ఒక మాట చరిత్రవలె చెలామణి యగుచున్నప్పుడు దాని వెనుక ఆధారమెంత యని తరచి చూచుట చదువుకొన్నవానికి విధి. ఇహలోకపు సొత్తును గూర్చి క్రైస్తవుల బోధ యెట్టిది, పరలోకమును గూర్చి వారు పెట్టుకొన్న ఆశ యెట్టిది, ఆ రెండును మన కడప, కర్నూలు సీమల మెట్టనేలలో ఎట్లు పరీక్షకు నిలిచెను అను విషయమును నేడు మీతో విచారింప దలచితిని.

ఈ విచారమునకు మైదుకూరు తగిన చోటు. మన ఊరు నాలుగు త్రోవల కూడలి యని మీరెరుగుదురు. దక్షిణపు బాటను పోయినచో కడప. అక్కడ 1822లోనే లండన్ మిషనరీ సంఘమువారు పని మొదలిడిరి. ఉత్తరముగా దువ్వూరు, చాగలమర్రి మీదుగా నంద్యాలకు పోవు బాటకు చేరువనే ముత్యాలపాడు కలదు; అది ఎస్.పి.జి. యను ఆంగ్లేయ సంఘమువారి పాత కేంద్రము. తూర్పునకు తిరిగి పోరుమామిళ్ళ దాటి పోయినచో కలసపాడు, అదియు వారిదే. పడమరగా ప్రొద్దుటూరు మీదుగా పోయినచో జమ్మలమడుగు. అచ్చటి కాంబెల్ ఆసుపత్రి పేరు మన తాతల నాటినుండి వినని యిల్లు ఈ సీమలో లేదు. ఏ దిక్కునకు బండి కట్టినను ఒకటి రెండు దినములలో ఒక పాత క్రైస్తవ కేంద్రమును చేరుదుము. ఇక బ్రహ్మముగారి మఠము మనకు పొరుగుననే యున్నది. ఆ మఠమునకును ఈ కథకును పొత్తు కలదు. దానిని సందర్భము వచ్చినప్పుడు చెప్పెదను.

మొదట బోధను చూతము. క్రీస్తు చెప్పిన కథలలో పొలము, ద్రాక్షతోట, కూలి, అప్పు, దాచిన సొమ్ము, పోయిన నాణెము తరచుగా వచ్చును. కాపురస్థులకు చెప్పిన కథలవి. అందొకటి: ఒక ధనవంతుని పొలము విరివిగా పండెను. ఉన్న గరిసెలు చాలవని, వానిని పడగొట్టి పెద్దవి కట్టింప నిశ్చయించి, ఇక పెక్కేండ్లకు కొరత లేదని నిబ్బరముగా నుండెను. ఆ రాత్రియే వానికి పిలుపు వచ్చెను. జొన్న పాతరలు త్రవ్వుకొని బ్రతికిన సీమవారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు. పాతర తీసిన నాడు పైగింజకు పురుగును, అడుగు గింజకు చెమ్మయు తగిలి, నమ్మి దాచుకొన్నది నోటికి రాకపోవుట మన పెద్దలు కన్నులార చూచినదే. భూమిమీద దాచినదానికి చిమ్మెటయు తుప్పును దొంగయు తప్పవనియు, పరలోకమున దాచినదానికి ఆ భయము లేదనియు ఆయన బోధ.

ఇంతవరకు మనకు క్రొత్త యేమియు లేదు. బలిచక్రవర్తి కథ వినని పల్లె యున్నదా? ఏలినవారందరును పోవునప్పుడు మూట గట్టుకొని పోయినదేమి యని ఆయన శుక్రాచార్యుల నడిగిన సంగతి పోతనగారి పుణ్యమున మన సేద్యగాండ్రకును కంఠస్థము. ఐనను నిదానించి చూచినచో తేడా కనబడును. మన వేదాంతి ధనమును మిథ్య యనును. మిథ్య కావున విడువుమనును. క్రైస్తవుడట్లనడు. ధనము నిజమే, పొలము నిజమే, కాని అవి నీవి కావనును. దేవుడు నీయొద్ద ఉంచిన న్యాసమనును. ధర్మశాస్త్రమున నిక్షేప ప్రకరణము చదివినవారికి ఈ మాట వెంటనే బోధపడును. ఒకడు నమ్మి యుంచిన సొమ్మును పుచ్చుకొన్నవాడు తన సొమ్ముగా ననుభవింపరాదు, అశ్రద్ధచే పాడు చేయరాదు, అడిగిననాడు లెక్కతో నప్పగింపవలెను. తెలుగు బైబిలు అనువాదకులు ఇట్టివానికి "గృహనిర్వాహకుడు" అను మాటను వాడిరి. ఊరి కరణమును తలచుకొన్నచో ఇంకను సులభముగా తెలియును. కవిలెకట్టలోని భూమి యంతయు కరణము వ్రాతలోనిదే. కాని ఒక్క సెంటైనను ఆ వ్రాతచేత కరణమునది కాదు.

పరలోకము అను మాటయందును ఇట్టి తేడాయే కలదు. మన స్వర్గము పుణ్యము తరిగిన వెంటనే దిగి రావలసిన చోటు. అందుచేతనే జ్ఞానులు దానిని కోరక మోక్షమును కోరిరి. వారి పరలోకమునుండి తిరిగి వచ్చుట లేదు. అచ్చటికి పోవుట చేసిన దానముల వెలకు కాక దేవుని కృపచేత నని వారందురు. దేహము కూడ ఒకనాడు లేచునని వారి నమ్మిక. మన సీమలోను వారు దహనము చేయక పాతిపెట్టుటకు ఆ నమ్మిక యొక కారణము. ఈ ఆశకు తెలుగు బైబిలు వారు వాడిన పదము "నిరీక్షణ". మన నిఘంటువులలో నిరీక్షణ మనగా ఎదురు చూచుట. వాన రాని యేట ఆరుద్ర కార్తెలో రైతు ఆకాశమువంక చూచు చూపు నిరీక్షణ. ఉత్త కోరికకు ఆ పేరు చెల్లదు. దున్ని యుంచినవాడు మాత్రమే అట్లు చూడగలడు. ఈ పదమును ఏరినవారికి తెలుగు బాగుగా తెలిసియుండెనని నేను మెచ్చుకొందును.

దానమును గూర్చి వారి కథలలో నాకు మిక్కిలి నచ్చినది పేద విధవరాలి కథ. దేవాలయపు హుండీలో ధనవంతులు సంచులు కుమ్మరించుచుండగా ఆమె రెండు చిల్లి కాసులు వేసెను. అందరికంటె ఎక్కువ ఇచ్చినది ఆమె యని క్రీస్తు చెప్పెను. మన భారతమున అశ్వమేధపర్వములో సక్తుప్రస్థుని కథ విన్నవారు దీనిని వినగానే ఆ ముంగిసను జ్ఞాపకము తెచ్చుకొనకుండ నుండలేరు. ఆకలితో నున్న బీద బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన పేలపిండిలో పొర్లగా ముంగిస సగము దేహము బంగారమాయెను. తక్కిన సగమునకై ధర్మరాజు యజ్ఞశాలలో ఎంత పొర్లినను కాకపోయెను. రెండు దేశములవారు ఒకరి నొకరు ఎరుగకయే ఒక్క త్రాసును పట్టుకొనిరి.

బోధ ఇట్లుండగా, ఆస్తి గలవారు ఈ మతమున చేరినప్పుడు ఏమి జరిగెనో చూతము. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరినుండి ఫ్రెంచి దేశపు జెస్యూటు పాదిరీలు పుంగనూరు, కృష్ణాపురము మార్గముగా మన సీమలోనికి వచ్చిరి. వారు కాషాయము ధరించి, మాంసము మాని, సన్న్యాసులవలె వర్తించిరి. అనంతపురము చెంతనున్న ఆలమూరులో రెడ్ల కుటుంబములు కొన్ని వారి మతమును స్వీకరించెను. ఇవి నాగళ్ళు, పశువులు, పొలములు గల కుటుంబములు. కూటికొరకు చేరవలసిన పని వీరికి లేదు. పిదప మరాఠా దండ్ల దోపిళ్ళును, పాళెగాండ్ర కలహములును, కరువులును, తమవారితోడి తగవులును కలిసి వచ్చి, వీరిలో పెక్కురు తరతరముల నేలను విడిచి తూర్పునకు సాగి గుంటూరు సీమ చేరిరి. ఫిరంగిపురము మొదలైన యూళ్ళలో గోపు, తుమ్మ మొదలగు ఇంటిపేర్ల క్రైస్తవ రెడ్లు నేటికిని ఉన్నారు. వారి పూర్వులు మన రాయలసీమవారే.

ఈ రెడ్ల పోషణచేత ఒక మంచి పని జరిగెను. పింగళి ఎల్లనార్యుడను కవి "తోభ్య చరిత్రము"ను తెలుగు కావ్యముగా రచించెను; తుమ్మ వంశపు రెడ్డి యొకరు దానికి కృతిభర్త. మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును "వేదాంత రసాయనము" అను పేర ప్రబంధము చేసెను. తోభ్యుడు పరదేశమున నినెవె పట్టణములో చెరలోనున్నవాడు. దిక్కులేని శవములను పాతిపెట్టుటయు, ఉన్నదానిలో పేదలకు పెట్టుటయు అతని వ్రతము. అందువలన రాజాగ్రహమునకు గురియై ఆస్తి పోగొట్టుకొనెను. పిమ్మట కన్నులును పోయెను. దూరదేశమున ఒకనియొద్ద దాచిన వెండిని తెచ్చుకొనుటకు కొడుకును పంపుచు చెప్పిన హితవులలో ముఖ్యమైనవి రెండు: కలిగినకొలది దానము చేయుమనియు, కొంచెమే యున్నచో కొంచెమే యిచ్చుటకు సిగ్గుపడవద్దనియు నొకటి, కూలివాని కూలిని తెల్లవారువరకు నీయొద్ద నిలుపవద్దనునది రెండవది. ఈ కథను ప్రొటెస్టెంటులు తమ బైబిలులో చేర్చరు, కథోలికులు చేర్తురు. మన సీమ భూస్వామి యొకడు పదిమంది కూలివాండ్రను పెట్టుకొన్నవాడై యుండియు, కూలిని నిలుపరాదను కథను తన పేర కృతి పుచ్చుకొనుట నాకు ఆశ్చర్యముగాను సంతోషముగాను ఉన్నది. ఐనను ఒక్క మాట చెప్పక తప్పదు. వీరు విడిచినది నేలను గాని కులమును గాదు. రెడ్లు రెడ్లుగానే యుండిరి. క్రొత్త చోట మరల భూములు సంపాదించి మంచి సంసారులైరి.

ఆస్తి గల హిందువు మతము మారినచో ఏమగునో మన ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పెను. మితాక్షరలో పతితునకు దాయభాగము లేదు. కుమారుడు క్రైస్తవుడైనచో తండ్రి సొత్తులో పాలు పోయినట్లే. అనగా పరలోకపు ఆశను ఎన్నుకొన్నవాడు ఇహలోకపు పాలును వదలుకొని ఎన్నుకొనవలసినదే. 1850లో కుంఫిణీవారు ఇరువదియొకటవ చట్టమును చేసి, మతము మారినంతమాత్రమున వారసత్వము పోదని శాసించిరి. దీనిపై మదరాసు, కలకత్తా నగరములలోని హిందువులు గట్టి అర్జీలు పంపిరి. వారి వాదమునందును కొంత న్యాయము లేకపోలేదు. పిండము పెట్టనివానికి పాలెందుకని వారడిగిరి.

క్రైస్తవుడైనవాని ఆస్తి ఏ శాస్త్రము ప్రకారము పంచవలెనను చిక్కును తీర్చిన వ్యాజ్యము మన దత్తమండలములోని బళ్ళారిలోనే పుట్టినది. మాథ్యూ అబ్రహాము అనునతడు తక్కువ కులముగా ఎంచబడిన తమిళ కుటుంబమున పుట్టి, సారాయి బట్టీ వలనను వర్తకము వలనను లక్షలు గడించెను. ఇతడు 1842లో గతించగా భార్య షార్లెట్టునకును, తమ్ముడు ఫ్రాన్సిసునకును ఆస్తి తగాదా పుట్టెను. మాది హిందూ అవిభక్త కుటుంబమువంటిదని తమ్ముడనెను. మేము దొరల రీతిని బ్రతికినవారమని వదినె యనెను. వ్యాజ్యము సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1863లో వచ్చిన తీర్పున అవిభక్త కుటుంబమను వాదము నిలువలేదు. మతము మారినవాడు పాత శాస్త్రమును విడువనూ వచ్చును, పట్టుకొననూ వచ్చును, వాని నడవడియే సాక్ష్యమని ధర్మాధికారులు నిర్ణయించిరి. రెండేండ్ల పిదప వచ్చిన వారసత్వపు చట్టము ఈ తికమకను తొలగించెను. ఇద్దరును క్రైస్తవులే, ఇద్దరును చిమ్మెటను గూర్చియు తుప్పును గూర్చియు ప్రతి ఆదివారము వినినవారే, ఐనను కోర్టులలో కొన్నేండ్లు గడిపిరి. దాయాదుల పోరు మతమునకు లొంగదు.

ఇంతవరకు చెప్పినది కలవారి కథ. మన సీమలో క్రైస్తవులైనవారిలో నూటికి తొంబదిమందికి పైగా మాలపల్లెలవారు, మాదిగపల్లెలవారు. 1850 ప్రాంతమునుండి ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు, జమ్మలమడుగు చుట్టుపట్ల వీరు పల్లెలు పల్లెలుగా చేరసాగిరి. ఇచ్చట చిత్రమైన చిక్కు కలుగును. ధనాశ విడువుమను బోధను ధనము లేనివానికి ఎట్లు చెప్పుట? గరిసెలు కట్టుకొన్న ధనవంతుని కథ, ఏటికి ఇన్ని తూముల గింజలకు జీతముండు వానికి ఏమి బోధించును? అతనికి పరలోకమును చూపి ఇక్కడి అన్యాయమును సహించుమని చెప్పినచో, అందువలన లాభపడునది ఆ జీతగాని యజమాని మాత్రమే. ఈ యాక్షేపణ నాది కాదు. పెక్కురు పెక్కు భాషలలో చేసినదే, నిజము కలదియే. దానికితోడు, పెంకుటింటి బంగళాలో పంకా క్రింద నుండి బోదగుడిసెలవారికి నిరాడంబరతను బోధించిన దొరలును లేకపోలేదు.

కాని జరిగినది చూడవలెను. వీరికి పోగొట్టుకొనుటకు ఏమియు లేదనుట పొరబాటు. మాదిగ కపిలె బాన కుట్టి, చెప్పులు కుట్టి, తోలుపనులు చేసి, కళ్ళములో తూర్పార పట్టిన నాడు మేర పుచ్చుకొనును. జాతరలో డప్పు కొట్టి తన పాలు తాను తీసికొనును. చచ్చిన పశువు తోలు అతనిది. ఇవియే అతని మాన్యము, అతని ఇనాము. క్రైస్తవుడైనవాడు జాతరకు డప్పు కొట్టననెను. ఆదివారము పనికి రాననెను. చచ్చిన గొడ్డు మాంసము తిననెను. ఒంగోలు ప్రాంతమున ఇట్లు పలికినవారికి మేరలు నిలిచిపోయెను, పనులు పోయెను, బావుల దారి మూసివేయబడెను. పదియెకరముల రెడ్డి ఒక యెకరము పోగొట్టుకొనుటకును, రెండు తూముల మేర గలవాడు ఆ రెండు తూములు పోగొట్టుకొనుటకును భేదము కలదు. ముంగిస త్రాసు ఇచ్చట పనికివచ్చును.

ఇప్పుడు కరువు మాట. కూటికొరకు అను నిందకు మూలము 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత, ఈశ్వర సంవత్సరముల కరువు. దాని ఘోరమును వర్ణింపను. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూచినచో కర్నూలు జిల్లాలో జనము సుమారు నాలుగవ వంతు తగ్గెనని తేలును. సర్కారు వారి కరువు పనులలో టెంపుల్ దొర ఏర్పరచిన కూలి, మగవానికి దినమునకు ఒక పౌను గింజలును, ఒక అణాయు. పౌననగా మన సేరులో సగమునకు కొంచెము తక్కువ. మిషను బంగళాల ముంగిట గంజి కాచి పోసిరి. దిక్కులేని పిల్లలను చేరదీసిరి. ఆకలితో వచ్చి చేరినవారు లేరా? ఉండిరి. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టువాని యింటికి కాక మరెచ్చటికి పోవును? ఆ నాడు మన పల్లెలలో గింజలుండియు ధర పెరుగువరకు పాతర మూత తీయని వారుండిరని పెద్దలు చెప్పుకొనుటయు మనము వినియున్నాము.

ఐనను దీనికి బదులు చెప్పు సంగతి యొకటి చరిత్రలో నిలిచియున్నది. ఒంగోలులో అమెరికా బాప్టిస్టు సంఘపు క్లౌ దొర యుండెను. నాడు కర్నూలు జిల్లాలోనివైన కంభము, మార్కాపురము ప్రాంతములును ఆ సంఘపు పని సాగిన చోట్లే. కరువు నాళ్ళలో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. పనివారు వచ్చి మాకు బాప్తిస్మ మిమ్మనిరి. ఆయన ఇయ్యలేదు. కూలి కొరకు మతమను మాట రాకూడదని, కరువు తీరి గంజి కేంద్రములు మూసి, ఇక తనయొద్ద ఇచ్చుటకు డబ్బు లేదని అందరికిని చాటిన పిమ్మటనే తలుపు తీసెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. అన్నము దొరకు నాడు నిలిపి, అన్నము లేదన్న నాడు పిలువగా వచ్చిన జనమిది. కరువు రెండేండ్లు. ఆ సంఘములు నూటనలువది యేండ్లు దాటి నేటికిని నిలిచియున్నవి. కూడు ఒక్కటియే కారణమైనచో, కూడు దొరకిన మరునాడు వీరు తిరిగిపోయి యుండవలెను గదా!

మరి వీరిని పట్టి నిలిపినదేమి? ఇచ్చట బ్రహ్మముగారి మాట వచ్చును. వీరబ్రహ్మేంద్రస్వామి దూదేకుల సిద్ధయ్యను శిష్యుని చేసికొనిరి. మాదిగ కక్కయ్యకు తత్త్వము బోధించిరి. దేహములోనే దేవుడున్నాడనియు కులము అడ్డు కాదనియు చెప్పు ఈ యోగమార్గము గురుశిష్య పరంపరగా మాదిగపల్లెలకు ప్రాకెను. ఒంగోలు సీమ మాదిగలలో మొదట క్రైస్తవుడైన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. అంతకుముందు అతడు వీరమ్మ యను యోగినియొద్ద రాజయోగము నభ్యసించినవాడు. క్లౌ దొర భార్య ఎమ్మా 1899లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథమున మాదిగల జీవితమును, ఈ యోగుల సంగతిని విపులముగా వ్రాసెను. కావున పేరయ్య వంటివారు అన్నపు గిన్నె చూచి వచ్చినవారు కారు. చాలకాలము వెదకి వచ్చినవారు. దేవుని యెదుట తానొక మనిషి యను మాటను బ్రహ్మముగారి పరంపరలో విన్న చెవియే క్రీస్తు మాటను వినెను. మన మఠము ఆ చెవిని సిద్ధము చేసెనని నేననుకొందును; ఇందుకు హిందువులును క్రైస్తవులును నాపై కోపింపవచ్చును.

ఇట్లు వచ్చిన పేదలకు ఆస్తిని గూర్చి ఏమి బోధించిరి? ఈ విషయమున నాకు గౌరవము కలిగించిన పెద్ద వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు. తిరునల్వేలి వైపు తమిళుడు; 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పైరి. దోర్నకల్లు ఆయన పీఠము. పిమ్మట మన నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు సంఘములును దాని క్రిందికి వచ్చెను. 1945 జనవరి 1న గతించు వరకు ఆయన బోధ యొక్కటే: పేదవాడు పుచ్చుకొనువాడుగా నుండిపోరాదు, ఇచ్చువాడు కావలెను. ఈ దానధర్మమును గూర్చి ఆయన యొక గ్రంథమును కూడ వ్రాసిరి. దొరల డబ్బుతో కట్టిన గుడి దొరలదే. మీ గింజలతో కట్టినది మీదని ఆయన భావము.

దీనికి సాధనము పిడికెడు బియ్యము. ఇల్లాలు వంటకు గింజలు తీయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయును. ఆదివారము ఆ ముంతను గుడికి తెచ్చి కుమ్మరించును. బియ్యము పండుగలకే వండుకొన్న మన మెట్ట పల్లెలలో అది పిడికెడు కొర్రలో జొన్నలో యగును. పిల్లలకు చాలీ చాలని సంకటి గెలికెడు ఇంట ఆ పిడికెడు తీయుట యనగా ఒకరి ముద్ద తగ్గుటయే. ఐనను తీసిరి. ఆ గింజలతో ఉపదేశిగారికి జీతమైనది, బడిపంతులుకు కొంత జీతమైనది. నేను పండితుడనుగా పనిచేసిన కాలమున మాలపల్లెనుండి వచ్చిన పిల్లలలో మిషను బడిలో అక్షరములు దిద్దినవారు ఎందరో. వారి తాతమ్మల పిడికిలి ఎంత దూరము పోయెనో వారి చేవ్రాత చూచి తెలిసికొంటిని. గింజ పాతరలో పెట్టిన పురుగుపట్టును, పలకమీద పెట్టిన పట్టదు. ఒకప్పుడు కడప జిల్లాలోనే యుండిన మదనపల్లె చెంత 1912లో క్షయరోగులకై పెక్కు మిషనులు కలిసి ఆరోగ్యవరమును స్థాపించెను. అది పెద్ద దానము, లోకమెరిగిన దానము. నా దృష్టిలో ముంతలోని పిడికెడు దానికి తీసిపోదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట నాణెము రెండవ వైపు తిరిగెను. 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడుగా ఎంచబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఈ నియమము సడలింపబడెను, క్రైస్తవులకు సడలలేదు. మన ఆంధ్రప్రదేశములో ఇట్టి క్రైస్తవులను వెనుకబడిన తరగతుల "సి" వర్గమున చేర్చి ఒక శాతము కేటాయించిరి. మరియు 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము ప్రకారము, మతము మారినవానికి ఆ పిమ్మట పుట్టిన బిడ్డలు హిందూ బంధువుల ఆస్తికి వారసులు కారు. ఈ నియమములు మంచివా చెడ్డవా యను వాదము న్యాయస్థానములదియు శాసనసభలదియు. దానిలోనికి నేను పోను. చరిత్ర మాత్రము చెప్పుచున్నాను. నేడు ఒక మాలపల్లె యువకుడు పత్రములో క్రైస్తవుడనని నిజము వ్రాసినచో ఉద్యోగపు కేటాయింపును పోగొట్టుకొనును. వ్రాయక దాచినవారును కలరు. వారిని నిందించుటకు నాకు నోరు రాదు. వ్రాసినవారును కలరు. వ్రాసి పోగొట్టుకొన్నవానిని చూపి "కూటికొరకు" అనుట ఎట్లు పొసగునో రచ్చకట్టమీది పెద్దలు ఆలోచింపవలెను.

సంఘములలోపల లోపములు లేవని నేననుట లేదు. దొరలు వెడలిపోవుచు విడిచిన బంగళాలు, బడి స్థలములు, తోటలు నేడు పట్టణముల నడుమ కోట్ల వెలకు ఎక్కినవి. వానికొరకు తెలుగు జిల్లాలలో జరిగిన తగాదాలను పత్రికలలో చదువుచునే యున్నాము. పిడికెడు గింజలతో నిలిచిన సంఘము ఎకరముల చెంత తడబడుట చూచినచో, ఒంటె సూది బెజ్జములో దూరుట కష్టమన్న మాట సంస్థలకును వర్తించునేమో యనిపించును.

పల్లెలలో ఇంకను పాత ఆచారము నడచుచున్నది. పంట యింటికి వచ్చిన పిమ్మట వారు కోతపండుగ చేయుదురు. కె.సి. కాలువ క్రింది పల్లెలవారు వడ్లును పసుపుకొమ్ములును, మెట్టవారు జొన్నలును సద్దలును చెనిగకాయలును, ఏమియు పండింపనివారు ఒక కోడినో, ఒక గంప ఎర్రగడ్డలనో, పెరటి గుమ్మడికాయనో తెచ్చి గుడిలో పెట్టుదురు. ప్రార్థన యైన పిమ్మట ఆ వస్తువులను గుడి ముంగిట వేలము వేయుదురు. ఊరివారందరును పోవచ్చును, రెడ్లును కోమట్లును పోయి పాడుట కలదు. పది రూపాయల కాయకు వంద రూపాయల పాట పోవును; ఇచ్చిన ముసలమ్మ ఒక ప్రక్కన కూర్చుండి తన కాయ యెంతకు పోవునో చూచుచుండును. పాడుకొన్నవాడు కొన్ని సమయములయందు ఆ కాయను మరల గుడికే యిచ్చివేయును, మరల పాట మొదలగును. నేనును ఒక యేడు దువ్వూరు వైపు పల్లెలో ఒక గుమ్మడికాయను పాడుకొంటిని. నేను దానిని ఇంటికి తెచ్చి దప్పళము పెట్టించితిని. అది ఎవరి పెరటిదో మాత్రము అడిగి తెలిసికొని, గింజలను దాచి, మరుసటి యేడు మా దొడ్డిలో నాటితిని.